పిల్లలతో పరంబికుళం: జలగలు, టేకాకు, ఒక టెంటు

మా బ్రాంచిలో ఇద్దరు, విజయవాడ నుంచి మా ఆడపడుచు ఒకసారి, మొత్తం ముగ్గురు ఇదే అడిగారు: "పిల్లలతో పరంబికుళం అడవికి వెళ్లొచ్చా?" ఫోన్లో ముక్కలు ముక్కలుగా చెప్పి నోరు నొప్పెట్టి ఇలా ఒకేచోట రాస్తున్నాను. ఎనిమిదేళ్లు దాటిన పిల్లలుంటే ఇంకేం ఆలోచించకుండా వెళ్లండి. అయిదేళ్లు, అంతకంటే చిన్నవాళ్లయితే ఇంకో రెండేళ్లు ఆగండి. మా ఇంట్లో రెండు రకాలూ ఉన్నాయి. బుజ్జిగాడికి తొమ్మిది, చిన్నికి అయిదు నిండి రెండు నెలలు. వాళ్లతో పాటు అరవై ఆరేళ్ల మా అత్తయ్య, ఫోటోలు తీయడం తప్ప ఇంకే పనీ పెట్టుకోని మా ఆయన.

బ్యాంకు ట్రాన్స్‌ఫర్ పుణ్యమా అని మూడేళ్లుగా కోయంబత్తూరులో ఉంటున్నాం. అక్టోబర్ మొదటి వారంలో పిల్లలకి క్వార్టర్లీ సెలవులు మిగిలాయి. ఊటీ అంటే మా ఆయన ట్రాఫిక్ గుర్తొచ్చి రానన్నాడు. అలా పరంబికుళం తేలింది. ఒక రాత్రి టెంట్‌లో బస, తిండి, సఫారీ, గైడ్‌తో నడక, అన్నీ కలిపి ప్యాకేజీ. నెల ముందే ఆన్‌లైన్‌లో బుక్ చేసుకున్నాం. రేటు సీజన్‌ని బట్టి మారుతుంది కాబట్టి ఇక్కడ అంకె వేయను. మా అయిదుగురికీ అయింది ఊళ్లో ఒక మంచి హోటల్లో రెండు రాత్రుల ఖర్చంత.

దారి గురించి ముందే తెలుసుకోవాల్సిన సంగతి ఒకటుంది. పరంబికుళం కేరళ అడవి, పాలక్కాడ్ జిల్లాలోది. అయినా కేరళ వైపు నుంచి కారు వెళ్లే దారి లేదు. తమిళనాడులోని పొల్లాచ్చికి వచ్చి, ఆనైమలై, సేతుమడై, టాప్‌స్లిప్ మీదుగా ఘాట్ ఎక్కి, తమిళనాడు అడవిని దాటాకే కేరళ అడవి వస్తుంది. సేతుమడైలో ఒక చెక్‌పోస్ట్, ఆనప్పాడిలో ఇంకొకటి. రెండు రాష్ట్రాలు, రెండు రసీదులు. రెండోచోట మా ఆయన పర్సు తీస్తుంటే "మనం ఒకే అడవికి రెండుసార్లు ఎందుకు కొంటున్నాం నాన్నా?" అన్నాడు బుజ్జిగాడు. చీకటి పడ్డాక గేటు దాటనివ్వరు. అందుకని పొల్లాచ్చి నుంచి పొద్దున్నే బయల్దేరడం మంచిది.

మేం పొద్దున్నే బయల్దేరాం గానీ ఆనైమలైలో గంటన్నర ఆగిపోయాం. అక్కడ మాసాణి అమ్మన్ గుడి ఉంది. అమ్మవారు పడుకుని ఉంటుంది. ఏదైనా పోయినవాళ్లు, అన్యాయం జరిగిందనుకున్నవాళ్లు అక్కడి న్యాయపు రాయికి ఎండుమిరపకాయలు నూరి పూస్తారు. అత్తయ్య ఆ ఘాటుకి తుమ్ముతూనే, కిందటేడు మా అపార్ట్‌మెంట్‌లో పోయిన తన రాగి చెంబు కోసం నూరించింది. చెంబు ఇంకా దొరకలేదు.

పొల్లాచ్చిలో మాట్లాడుకున్న టాక్సీ అతను దారి పొడుగునా పిల్లలకి పులి ఆశ పెట్టాడు. "గ్యారంటీ తంబీ, గ్యారంటీ." ఎవరైనా అడవి జంతువుకి గ్యారంటీ ఇస్తే ఆ మాట అక్కడే వదిలేయండి. పరంబికుళం 1973లో అభయారణ్యం అయింది, 2010లో టైగర్ రిజర్వ్ అయింది. చుట్టూ ఉండే బఫర్ అడవితో కలిపి 643 చదరపు కిలోమీటర్లు. అంత అడవిలో మన మినీబస్సు తిరిగేది ఒక్క రోడ్డు మీద. ఆ రోడ్డు పక్కన పులి వచ్చి ఎందుకు నిలబడుతుంది? నేను ఈ లెక్క ముందే పిల్లలకి చెప్పి ఉండాల్సింది. చెప్పలేదు. దాని ఫలితం సఫారీ మొదటి గంటలో అనుభవించాను.

టెంట్ అంటే స్కౌట్స్ గుడారం ఊహించుకోకండి. ఆనప్పాడిలో ఉన్నవి గుడ్డ గోడల గదులు. లోపల మంచం, వెనక బాత్రూమ్, ముందు కూర్చోడానికి చిన్న వరండా. మేం సామాను దింపుతుంటేనే ఎదురుగా గడ్డిలో చుక్కల జింకలు పదీ పన్నెండు మేస్తున్నాయి. మనవైపు కుక్కలు తిరిగినట్టు తిరుగుతున్నాయవి. చిన్ని వాటిని చూసి ఆగిపోయి, చాలా సీరియస్‌గా "ఇవి పెంచుకున్నవా, నిజమైనవా?" అని అడిగింది. నిజమైనవే అని నమ్మించడానికి పది నిమిషాలు పట్టింది.

ప్లాస్టిక్ లోపలికి తేవద్దని ముందే చెబుతారు. అయినా మా బ్యాగులో చిప్స్ ప్యాకెట్లు నాలుగు ఉన్నాయి, అవి నా నిర్వాకమే. చెక్‌పోస్ట్‌లో తీసి టాక్సీలోనే వదిలేశాం. పిల్లలకి తినడానికి ఇంట్లో చేసిన చెక్కలు, సున్నుండలు స్టీలు డబ్బాలో పెట్టుకుంటే ఏ గొడవా ఉండదు. భోజనం అక్కడే పెట్టారు. అన్నం, సాంబారు, చపాతి, తోరన్ అనే కొబ్బరికోరు వేసిన వేపుడు, కోడికూర. ఎర్రగా లావుగా ఉండే మట్ట బియ్యం చూసి అత్తయ్య "ఇంకో రెండు విజిళ్లు రానివ్వాల్సింది" అంది. రెండో పూటకి అలవాటైంది. చిన్నిది మాత్రం రెండు రోజులూ పెరుగన్నమే. పాలు తాగే పిల్లలుంటే పాలపొడి తీసుకెళ్లండి, అడవిలో దుకాణం వెతుక్కునే వీలుండదు.

సఫారీ మధ్యాహ్నం మొదలైంది. మినీబస్సు, పక్కన గైడ్. ఈ గైడ్‌లు చాలామంది ఆ అడవిలోని ఊళ్లవాళ్లే. కాడర్, మలసర్, మల మలసర్, ముదువర్ అని నాలుగు తెగలు అక్కడ ఉంటాయి. మాకు వచ్చినతను మలసర్ అబ్బాయి, పాతికేళ్లుంటాయేమో. తమిళం, మలయాళం కలిపి మాట్లాడతాడు. మా పిల్లలు స్కూల్లో నేర్చుకున్న తమిళంతో అతని వెంటపడ్డారు, మాకేమో అనువాదం వాళ్లే చేశారు.

మొదటి గంట ఏమీ లేదు. టేకు చెట్లు, మళ్లీ టేకు చెట్లు. ఇదంతా సహజంగా పెరిగిన అడవి కాదట, చాలా భాగం తెల్లవాళ్ల కాలంలో నరికి మళ్లీ టేకు నాటిన తోటలు. ఇక్కడి కలపని కిందికి దింపడానికే కొచ్చి సంస్థానం 1907లో చాలకుడి దాకా ట్రామ్‌వే నడిపింది. అంటే కొండల మీద చిన్న రైలు! బుజ్జిగాడికి పులి కంటే రైలు ఎక్కువ, కాసేపు ఆ పట్టాలు ఎక్కడున్నాయని కిటికీలోంచి వెతికాడు. తరవాత వాడికీ విసుగొచ్చింది. చిన్ని నా ఒళ్లో నిద్రపోయింది. "పులేది?" అన్న ప్రశ్న ఏడోసారి వచ్చేసరికి నాకు టెన్షన్ మొదలైంది.

అప్పుడు గైడ్ డ్రైవర్ భుజం తట్టాడు. రోడ్డుకి ఎడమవైపు, ఇరవై అడుగుల దూరంలో అడవిదున్నల మంద. మొదట నల్లటి బండలనుకున్నాను. ఒక బండ చెవి ఆడించింది. నలుపు ఒంటి కింద మోకాళ్ల దాకా తెల్లటి కాళ్లు, స్కూలు సాక్సులు తొడుక్కున్నట్టు. బాగా ఎదిగిన మగది టన్నుకి దగ్గరగా తూగుతుందట. అది మా బస్సు వైపు తల తిప్పి చూసి, ఇంత పెద్ద వస్తువు తనకి లెక్కే కాదన్నట్టు మళ్లీ మేయడం మొదలుపెట్టింది. బస్సులో ఎవ్వరూ మాట్లాడలేదు, బుజ్జిగాడు కూడా. ఆ తరవాత వాడు పులి మాట ఎత్తలేదు. గైడ్ దగ్గర మలయాళం పేర్లు నేర్చుకోవడంలో పడ్డాడు. అడవిదున్న కాట్టుపోత్తు, కణితి అనే పెద్ద జింక మ్లావు, పులి కడువ. నల్ల కొండముచ్చులు కనిపించాయి. ఇంటి ఉడుతకి నాలుగింతలుండే, ముదురు ఎరుపు వీపు ఉన్న మలబార్ ఉడుత ఒకటి కొమ్మ మీదుగా పరిగెత్తింది. మా ఆయన తీసిన దాని ఫోటోలో తోక ఒక్కటే ఉంది.

కన్నిమారా అనే పెద్ద టేకు చెట్టు దగ్గర దిగాం. చుట్టుకొలత దాదాపు 7 మీటర్లు. దాని వయసు 450 ఏళ్లని చెబుతారు. 1994-95లో కేంద్ర ప్రభుత్వం దీనికి మహావృక్ష పురస్కారం ఇచ్చింది. మేం అయిదుగురం చేతులు చాచి పట్టుకుంటే చిన్ని వేళ్లకీ అత్తయ్య వేళ్లకీ మధ్య ఇంకా ఖాళీ మిగిలింది. ఒకప్పుడు దీన్ని నరకబోతే గొడ్డలి దెబ్బకి రక్తం కారిందని, అప్పటినుంచి కన్యగా పూజిస్తున్నారని గైడ్ చెప్పాడు. అత్తయ్య చెప్పులు విడిచి దణ్ణం పెట్టుకుంది. "చెట్టుకి రక్తం ఎలా వస్తుంది?" అన్నాడు మావాడు. గైడ్ నవ్వి, దారి పక్కన ఉన్న ఒక టేకు మొక్క నుంచి లేతాకు ఒకటి తుంచి, వాడి అరచేతిలో పెట్టి గట్టిగా నలపమన్నాడు. వాడు నలిపాడు. చెయ్యి విప్పి చూస్తే ఎర్రగా ఉంది. గోరింటాకు పండిన ఎరుపు కాదు, దెబ్బ తగిలినప్పటి ఎరుపు. చిన్ని తనకీ కావాలని ఏడ్చి, రెండు చేతులకీ పూయించుకుని, సాయంత్రం దాకా ఎవ్వరినీ ముట్టుకోనివ్వలేదు.

తూనక్కడవు డ్యామ్ దగ్గర నీళ్ల మధ్యలో ఎండిన మొద్దుల మీద నీటికాకులు రెక్కలారబెట్టుకుంటున్నాయి. ఈ డ్యాముల సంగతి పెద్దవాళ్లకి సరదాగా ఉంటుంది. నేల కేరళది. డ్యామ్‌ల నిర్వహణ తమిళనాడుది. నీళ్లు సొరంగాల్లో కొండ దాటి పొల్లాచ్చి, ఉడుమలై వైపు కొబ్బరితోటలకి పోతాయి. 1970లో రెండు రాష్ట్రాలూ ఒప్పందం రాసుకున్నాయి. సాగర్, శ్రీశైలం నీళ్ల గొడవలు పేపర్లో చదువుతూ పెరిగినదాన్ని కాబట్టి నేను ఆ గట్టు మీద కాస్త ఎక్కువసేపే నిలబడ్డాను. ఇక్కడా గొడవలు లేవని కాదు, మా గైడ్ ఆ కబుర్లు కూడా చెప్పాడు. వెదురు తెప్ప మీద షికారు ఉంది గానీ మేం ఎక్కలేదు. ఆ నీళ్లలో మొసళ్లుంటాయని విన్నాక అత్తయ్య ఆ మాట ఎత్తనివ్వలేదు.

ఇక రాత్రి. నేను అయిదేళ్లు, అంతకంటే చిన్న పిల్లలు వద్దన్నది దీని గురించే. తొమ్మిదింటికల్లా అంతా నిశ్శబ్దం. టీవీ లేదు, ఫోన్లో సిగ్నల్ దాదాపు లేదు, బయట దీపాలు మసక మసకగా ఉన్నాయి. గోడ అంటే గుడ్డే కాబట్టి అవతల జింక గడ్డి కొరుకుతున్న చప్పుడు దిండు పక్కనే వినిపిస్తుంది. నాకు అది భలే నచ్చింది. చిన్నికి నచ్చలేదు. పదకొండింటికి అడవిలోంచి ఒక్కసారిగా "ఢాంక్" అని గంట కొట్టినట్టు అరుపు వచ్చింది, వెంటనే ఇంకోటి. చిన్ని లేచి కూర్చుని "ఇంటికి పోదాం" అని మొదలుపెట్టింది. ఎక్కడికి పోతాం? గేట్లు మూసేశారు. గంటంపావు సేపు దాన్ని ఎత్తుకుని, తెలిసిన పాటలన్నీ గుసగుసగా పాడాను. నా స్టాకు అయిపోయాక అత్తయ్య "చందమామ రావే" నుంచి అందుకుంది. పొద్దున గైడ్‌ని అడిగితే అది కణితి అరుపని, పులో చిరుతో రేచుకుక్కలో వాసన తగిలితే అలా హెచ్చరిస్తుందని చెప్పాడు. అంటే మా టెంట్‌కి ఎంతో కొంత దూరంలో ఏదో నడిచి వెళ్లిందన్నమాట. అది రాత్రే తెలిసి ఉంటే నేనూ చిన్నితో కలిసి ఏడ్చేదాన్నేమో.

పొద్దున్నే ఆరున్నరకి నడక. ట్రిప్పు మొత్తంలో నేను డబ్బులిచ్చింది దీనికే అనుకుంటాను. చదునైన దారే కావడంతో అత్తయ్య కూడా వచ్చింది. ముందురోజు సాయంత్రం వాన పడింది. మాకు నలుగురికీ మోకాళ్ల దాకా లీచ్ సాక్సులు వేయించాను. అత్తయ్య మాత్రం "నాకెందుకమ్మా ఆ మేజోళ్లు" అని చెప్పులతోనే వచ్చింది. మనకి తెలిసిన జలగలు చెరువులో ఉంటాయి. ఇక్కడివి నేల మీద, ఆకు కొసన తోక ఆనించి నిలబడి, సన్నటి దారప్పోగులా గాల్లో ఊగుతూ ఉంటాయి. మన అడుగుల అదురు, ఒంటి వేడి పసిగట్టి అంటుకుంటాయి. పావుగంట నడిచామో లేదో గైడ్ ఆగి, అత్తయ్య పాదం వైపు చూపిస్తూ "అట్ట! అట్ట!" అన్నాడు.

అత్తయ్య అటూ ఇటూ చూసి నా చెవిలో, "ఈ అబ్బాయికి నేను అత్తనెప్పుడయ్యానే?" అంది.

మలయాళంలో జలగని అట్ట అంటారని బుజ్జిగాడు నవ్వాపుకుని చెప్పేలోపు అది చీలమండ దగ్గర చిక్కుడు గింజంత ఉబ్బింది. ఉప్పు చల్లితే రాలిపోయింది. నొప్పి లేదు గానీ రక్తం చాలాసేపు కారుతూనే ఉంటుంది, గడ్డ కట్టనివ్వని పదార్థమేదో దాని లాలాజలంలో ఉంటుంది. అది తెలియకపోతే కంగారు పడతాం. కాబట్టి ఒక చిన్న పొట్లంలో ఉప్పు, కాస్త దూది మీ దగ్గర పెట్టుకోండి. జలగలంటే భయపడే పిల్లలైతే వానలు వెనకబట్టాక, డిసెంబర్, జనవరి నెలల్లో వెళ్లండి. మా పిల్లలకి మాత్రం ఇంటికొచ్చాక అందరికీ చెప్పిన మొదటి కథ అదే. ఇప్పుడు ఇంట్లో అత్తయ్య కోపంగా ఉంటే వాళ్లిద్దరూ "అట్ట, అట్ట" అని సైగ చేసుకుంటున్నారు, ఆవిడకి తెలిసే ఊరుకుంటోంది.

ఇంకాస్త ముందుకెళ్లాక దారి మధ్యలో ఏనుగు లద్దె. ఒకటి కాదు, అయిదారు ఉండలు, ఒక్కోటి కొబ్బరిబోండాం అంత. నేను పక్కనుంచి పోబోయాను. గైడ్ గొంతుక్కూర్చుని ఒక ఉండని కర్రతో విడదీశాడు. లోపల వెదురు పీచు, గడ్డి, ఏవో నల్లటి గింజలు చెక్కుచెదరకుండా ఉన్నాయి. "ఇది నమలకుండా మింగేసిందా?" అంది చిన్ని. ఏనుగు తిన్నదాంట్లో సగం కూడా అరగదని, అలా పడ్డ గింజలే ఎక్కడో మొలకెత్తుతాయని చెప్పాడు. తరవాత మావాడి చెయ్యి పట్టుకుని, వెనకవైపు దాని మీదకి దగ్గరగా ఉంచమన్నాడు. వేడి! ఇంకా ఆవిరి వస్తోంది. బుజ్జిగాడి కళ్లు ఇంతింతయ్యాయి. గైడ్ లేచి నిలబడి, తల పక్కకి వంచి కాసేపు విన్నాడు. ఒక్క మాట కూడా మాట్లాడకుండా మమ్మల్ని వచ్చిన దారినే వెనక్కి తిప్పాడు. ఏనుగు కనిపించలేదు. అది ఎక్కడో దగ్గరలోనే ఉందన్న ఊహతో మేం నడిచిన ఆ పది నిమిషాల్లో, నా అయిదేళ్ల పిల్ల జీవితంలో మొదటిసారి ఒక్క ప్రశ్న కూడా అడగలేదు.

అందుకే చెబుతున్నా, ఇక్కడ మీకు ఎలాంటి గైడ్ దొరికాడన్నదే సగం ట్రిప్పు. మొహమాటపడకుండా అతనితో మాట్లాడండి, పిల్లల్ని ముందుకి తోయండి. రాత్రి పాటలు, డప్పుల కార్యక్రమం కూడా ఉంటుంది. పిల్లలు ఎగిరారు గానీ, మనం కుర్చీల్లో కూర్చుని వాళ్లు మనకోసం ఆడటం చూడటం నాకెందుకో ఇబ్బందిగా అనిపించింది. నా మటుకు నాకు నడకే చాలు.

తిరుగుదారిలో టాప్‌స్లిప్‌లో ఆగాం. నరికిన టేకు దుంగల్ని ఈ కొండ మీద నుంచి కిందికి జారవిడిచేవాళ్లు కాబట్టి ఆ పేరు. హ్యూగో వుడ్ అనే తెల్లదొర, అడవుల అధికారి, సమాధి అక్కడుంది. నరికిన చోటల్లా మళ్లీ టేకు నాటించిన మనిషి. నడిచినంత మేరా చేతికర్రతో నేల గుచ్చి గింజ వేసేవాడని చెబుతారు. కోళికముత్తి ఏనుగుల క్యాంపు కూడా దగ్గరే. కుంకీ, అంటే అడవి ఏనుగుల్ని తరమడానికి శిక్షణ ఇచ్చిన ఏనుగు, అన్న మాట ఈమధ్య మన చిత్తూరు వైపు బాగా వినపడుతోంది కదా, అలాంటివే ఇక్కడ ఎప్పటినుంచో ఉన్నాయి. టైమ్ చాలక మేం వెళ్లలేదు. మీరు రెండు రాత్రులు ఉండగలిగితే దాన్నీ కలుపుకోండి.

ఇంకో రెండు మాటలు. బట్టలు ఆకుపచ్చ, మట్టి రంగులవి సర్దండి. చిన్నికి నేను వేసిన గులాబీ ఫ్రాకు అర కిలోమీటరు దూరానికి కనిపించేది. కడుపులో తిప్పే పిల్లలుంటే ఘాట్ ఎక్కే ముందు టిఫిన్ తక్కువ పెట్టండి. ఈ రెండోది నేను సేతుమడై దాటిన పావుగంటకి నేర్చుకున్నాను.

నన్ను మార్కులు వేయమంటే బుజ్జిగాడి తరఫున అయిదుకి అయిదు, చిన్ని తరఫున మూడు, అత్తయ్య తరఫున నాలుగు. ఆ ఒక్కటి జలగ పట్టుకెళ్లింది.

మర్నాడు మధ్యాహ్నం మమ్మల్ని ఎక్కించుకోడానికి వచ్చిన టాక్సీ అతను వెనక్కి తిరిగి, "ఏం తంబీ, పులి కనపడిందా?" అని అడిగాడు.

"లేదన్నా," అన్నాడు మావాడు తనకొచ్చిన తమిళంలో, "కానీ లద్దె వేడిగా ఉంది."

అతనికి ఏమనాలో తోచలేదు. సేతుమడై చేరేదాకా ఏమీ మాట్లాడలేదు. తరవాత మా ఆయనతో వెయిటింగ్ చార్జీ విషయం మొదలుపెట్టాడు.